పిల్లల కోసం చూస్తున్నారా? ముందు పురుగుమందు పంపు, ఖర్రా, వేడి సంగతి తేల్చండి

మహారాష్ట్రలో, చంద్రపూర్ జిల్లా బల్లార్షా దగ్గర ఒక ల్యాబులో నేను చాలా ఏళ్లు పనిచేశాను. రాజురా, కోర్పనా, గోండ్‌పిప్రి నుంచి, అటు వణీ, పాంఢర్‌కవడా వైపు నుంచి మన తెలుగువాళ్లు పరీక్షలకు వచ్చేవాళ్లు. కౌంటర్ దగ్గర ఒకే దృశ్యం ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. భార్య చేతిలో ఒక కవర్, అందులో బొటనవేలంత మందం ఫైలు. థైరాయిడ్ రిపోర్టు, స్కానింగులు, ట్యూబుల టెస్టు, చంద్రపూర్ చీటీ, నాగ్‌పూర్ చీటీ, ఆదిలాబాద్ చీటీ. భర్త మాత్రం చేతులూపుకుంటూ వస్తాడు. "నీ టెస్టు ఏమన్నా చేయించినవా తమ్ముడూ?" అంటే, "నాకేమైంది అన్నా, నేను మంచిగనే ఉన్న కదా" అంటాడు.

ట్యూబుల టెస్టుకు ఎంత నొప్పి ఉంటుందో చేయించుకున్న ఆడవాళ్లను అడగండి, చెబుతారు. మగవాడి టెస్టుకు సూది కూడా గుచ్చరు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా ఫైలు భార్యదే లావవుతుంది.

మన వైపు మగవాళ్ల ఒంట్లోకి చేరే విషాలు తక్కువేం కాదు. పత్తికి కొట్టే పురుగుమందు, పాన్ ఠేలాలో అమ్మే నమిలే పొగాకు ఖర్రా, బొగ్గు దుమ్ము, బట్టీల వేడి, పాలిథిన్ కవర్లో పోసిచ్చే పొగలుగక్కే చాయ్. వీటన్నిటి బరువూ ఒకటి కాదు. ప్లాస్టిక్ సీసా గురించి వీడియో చూసి టెన్షన్ పడేవాడే పొద్దున్నే చేతికి గ్లవుసు లేకుండా మందు కలుపుతాడు. ఏది ముందు ఆపాలి, ఏది తర్వాత చూసుకోవచ్చు అన్న వరుసలోనే ఈ పనులు రాస్తున్నాను.

మొదటి పని: మీ టెస్టు చేయించుకోండి

సెమెన్ టెస్టు, అంటే వీర్య పరీక్ష. మిగతా ఖర్చులతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ. కానీ సరిగా ఇవ్వకపోతే రిపోర్టుకు విలువ ఉండదు. టెస్టుకు ముందు కనీసం 2 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు వీర్యం బయటికి పోకుండా ఉండాలి. నెల రోజులు ఆపుకుంటే కౌంట్, అంటే వీర్యకణాల సంఖ్య, బాగా వస్తుందని కొందరు అనుకుంటారు. అంత ఆపితే పాత కణాలు పేరుకుని కదలిక తగ్గినట్టు వస్తుంది.

వీలైతే శాంపిల్ ల్యాబులోనే ఇవ్వండి. ఇంటి నుంచి తేవాలంటే ల్యాబువాళ్లు ఇచ్చిన డబ్బాలోనే, గంటలోపు తెచ్చి ఇవ్వాలి. ఒకసారి డిసెంబరులో ఒకబ్బాయి డబ్బాను బండి హ్యాండిల్‌కు తగిలించుకుని రాజురా అవతల నుంచి వచ్చాడు. పొద్దున చలికి డబ్బా చల్లగా అయిపోయింది. మైక్రోస్కోపు కింద చూస్తే కణాలు కదలడం లేదు. మళ్లీ రమ్మన్నాను. రెండోసారి చొక్కా లోపల, ఒంటికి ఆనించుకుని తెచ్చాడు. రిపోర్టు మామూలుగానే వచ్చింది. ఆ రెండు టెస్టుల మధ్య వారం రోజులు అతనికి నిద్ర లేదని తర్వాత చెప్పాడు.

మామూలు కండోములో పట్టి తేవద్దు. నూనె, సబ్బు, ఉమ్మి వాడొద్దు. మొదటి భాగం బయట పడిపోతే సిగ్గుపడకుండా చెప్పండి, ఎందుకంటే కణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే. గత మూడు నెలల్లో డెంగీ, టైఫాయిడ్, మలేరియా లాంటి పెద్ద జ్వరం వచ్చి ఉంటే అదీ చెప్పాలి. జ్వరం తర్వాత కొన్ని వారాలు కౌంట్ పడిపోవడం మామూలే.

రిపోర్టు చేతికొచ్చాక చూడాల్సిన అంకెలు కొన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం వీర్యం కనీసం 1.4 మిల్లీలీటర్లు, ఒక్కో మిల్లీలీటరులో కోటి 60 లక్షల కణాలు, మొత్తం మీద 3 కోట్ల 90 లక్షలు ఉండాలి. మొత్తం కణాల్లో కదిలేవి 42 శాతం, ముందుకు సాగేవి 30 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. కొన్ని ల్యాబులు ఇంకా 2010 నాటి అంకెలే వేస్తాయి, కోటి 50 లక్షలు, 40 శాతం అని. తేడా చిన్నదే, గాబరా పడొద్దు. "నాలుగు శాతమే మంచివట, మిగతా 96 పాడైపోయినయట" అని ఏడుపు గొంతుతో వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ నాలుగు శాతం ఉంటే చాలు.

ఇంకో మాట. ఈ అంకెలు పరీక్షలో పాస్ మార్కుల లాంటివి కావు. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లను కొలిచి, వాళ్లలో అందరికంటే తక్కువగా ఉన్న ఐదు శాతం దగ్గర గీసిన గీత అది. గీత కింద ఉన్నా పిల్లలు పుట్టినవాళ్లు ఉన్నారు, పైన ఉన్నా కానివాళ్లు ఉన్నారు. ఒకే మనిషి కౌంట్ వారానికి వారానికి మారుతుంది కూడా. అందుకని తక్కువ వస్తే కొన్ని వారాల తర్వాత రెండోసారి చేయించకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. సున్నా వస్తే మాత్రం ఇంట్లో కూర్చుని చిట్కాలు వెతక్కండి, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రెండో పని: క్యాలెండరు మీద తేదీ రాసుకోండి

వీర్యకణం తయారు కావడానికి వృషణంలో దాదాపు 74 రోజులు పడుతుంది. ఆ తర్వాత దాని పక్కన ఉండే సన్నటి గొట్టంలో పండడానికి మరో పది పన్నెండు రోజులు. మొత్తం మీద మూడు నెలలు అనుకోండి. ఈ రోజు బయటికి వచ్చిన కణం మూడు నెలల కిందటి మీ జీవితం. ఆగస్టులో పీల్చిన మందు నవంబరు రిపోర్టులో కనిపిస్తుంది. ఈ రోజు మానేసిన ఖర్రా లాభం కూడా మూడు నెలలకే కనిపిస్తుంది. పది రోజులు మానేసి "ఏం ఫరక్ పడలే" అని మళ్లీ మొదలుపెట్టినవాళ్లే ఎక్కువ.

ఆడవాళ్లకు అండాలు పుట్టుకతోనే వస్తాయి, మగవాళ్లకు రోజూ కొత్త కణాలు తయారవుతూనే ఉంటాయి. కాబట్టి చాలామందికి బాగుపడే దారి ఉంటుంది. గోడ మీద క్యాలెండరులో ఈ రోజు తేదీకి సున్నా చుట్టి, మూడు నెలల తర్వాతి తేదీకి ఇంకో సున్నా చుట్టండి. అలవాట్లు మార్చాక ఎంత ఫరక్ పడిందో చూసే టెస్టు ఆ రోజు.

మూడో పని: పురుగుమందు కొట్టేటప్పుడు జాగ్రత్త

పత్తి, సోయా రైతులూ, మందు కొట్టే కూలీలూ ఇది నిదానంగా చదవాలి. మన వైపు అన్నిటికంటే పెద్ద చిల్లు ఇదే.

2017 వానాకాలం యవత్మాల్ జిల్లాలో ఏం జరిగిందో మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది దవాఖానాల పాలయ్యారు. ఆ ఏడాది చేను మనిషి ఎత్తుకు పెరిగింది. పైకి కొట్టిన మందు మొహం మీదే పడింది. పేపర్లలో చావులే వచ్చాయి. బతికినవాళ్ల ఒంట్లో నెమ్మదిగా జరిగేది వార్త కాదు.

పురుగుమందుకూ మగతనానికీ సంబంధం ఉందని ప్రపంచానికి గట్టిగా తెలిసింది 1977లో. కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో డీబీసీపీ అనే నులిపురుగుల మందు తయారుచేసే ఫ్యాక్టరీలో కార్మికులే తమలో తాము మాట్లాడుకుని, తమకెవరికీ పిల్లలు కలగడం లేదని గమనించారు. టెస్టు చేస్తే చాలామందికి కౌంట్ బాగా తక్కువ, కొందరికి సున్నా. ఆ పని మానేశాక కొందరు కోలుకున్నారు, కొందరు కోలుకోలేదు. మన దేశంలో కేరళ కాసర్‌గోడ్ జీడితోటల మీద ఏళ్ల తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లారు. అక్కడి మగపిల్లల్లో ఈడు రావడం ఆలస్యమవుతోందని 2003లో అచ్చయిన పరిశోధన చూపించింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది.

ఇప్పుడు మీ పంపు దగ్గరికి వద్దాం. వీపు మీది పంపు మూత వాసరు అరిగితే, నడిచే ప్రతి అడుగుకూ మందు నీళ్లు కొంచెం కొంచెంగా చిమ్ముతాయి. అవి వీపు మీద నుంచి నడుము దాకా, నడుము నుంచి ప్యాంటు లోపలికి దిగుతాయి. వృషణాల సంచి చర్మం చాలా పలచన. పారాథియాన్ అనే మందుతో 1970లలో మనుషుల మీద చేసిన కొలతల్లో ముంజేతి చర్మంతో పోలిస్తే ఆ చర్మం పదింతలకు పైగా మందును పీల్చుకుంది. ముంజేతి మీద పడ్డది పెద్ద భాగం బయటే ఉంటే, అక్కడ పడ్డది దాదాపు మొత్తం లోపలికి పోయింది. చేతికి గ్లవుసు వేసుకున్నా పంపు కారుతుంటే ఏం లాభం?

అందుకే సీజన్ మొదలయ్యే ముందు పంపులో మంచినీళ్లు నింపి, వీపుకు తగిలించుకుని వాకిట్లో రెండు చుట్లు తిరగండి. చొక్కా వెనక తడిస్తే వాసరు మార్చండి. పది రూపాయల వాసరు కోసం బద్ధకించొద్దు. వీపుకూ పంపుకూ మధ్య ఎరువుల సంచి లోపలి పాలిథిన్ కాగితాన్ని కత్తిరించి కట్టుకుంటే ఇంకా మంచిది.

నాజిల్ మూసుకుపోతే నోటితో ఊదడం మన దగ్గర అందరికీ అలవాటు. మా చిన్నాయనా అలాగే ఊదేవాడు, ఊదిన నోటితోనే బీడీ ముట్టించేవాడు. పాత టూత్‌బ్రష్ ఒకటి జేబులో పెట్టుకోండి, లేదా గడ్డిపోచతో పొడవండి. నోరు పెట్టొద్దు.

మందు కలపడం కొట్టడం కంటే ప్రమాదం, ఎందుకంటే అప్పుడు చేతిలో ఉండేది నీళ్లు కలవని చిక్కటి మందు. మోచేతి దాకా రబ్బరు గ్లవుసులు వేసుకుని, కట్టెతో కలపాలి. పురుగుమందులు అమ్మే కృషి కేంద్రం వాళ్లు మూడు సీసాలు ఒకే ట్యాంకులో పోసి కొట్టమంటే వినొద్దు. డబ్బా మీద డైమండ్ ఆకారపు గుర్తు చూడండి. కింది సగం ఎరుపైతే అత్యంత విషం, పసుపైతే దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. పిల్లల కోసం చూస్తున్న ఆ మూడు నెలలైనా ఎరుపు, పసుపు డబ్బాలు మీ చేత్తో ముట్టకుండా చూసుకోండి. వ్యవసాయాధికారిని అడిగితే అదే పురుగుకు తక్కువ విషమున్న మందు చెప్పే అవకాశం ఉంది.

గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నడవండి. ఎండెక్కకముందే పని ముగించండి. చెమటపట్టిన చర్మం మందును ఎక్కువ పీలుస్తుంది. ఇక ఎవరూ చెప్పని మాట ఒకటి: మధ్యలో మూత్రానికి వెళ్లే ముందే సబ్బుతో చేతులు కడుక్కోండి. అందరం తర్వాత కడుక్కుంటాం. మందు చేతితో ఎక్కడ పట్టుకుంటున్నామో ఆలోచిస్తే విషయం అర్థమవుతుంది. గట్టున ఒక క్యాను నీళ్లు, ఒక సబ్బు ముక్క పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంటికి రాగానే బిడ్డను ఎత్తుకోవద్దు, మంచం మీద కూర్చోవద్దు. బట్టలు బయటే విప్పి, సబ్బుతో తల నుంచి స్నానం చేయండి. ఆ బట్టలు ఇంట్లో మిగతా బట్టలతో కలిపి నానబెట్టొద్దు. ఉతికేది మీ భార్య అయితే ఆమెకూ గ్లవుసులు కావాలి. గర్భం కోసం చూస్తున్నది ఆమె కూడా. నన్నడిగితే ఆ మూడు నెలలు మందు బట్టలు మీరే ఉతుక్కోవడం మేలు.

కొడుతుండగా కళ్లు మసకబారినా, నోట్లో లాలాజలం ఊరినా, చెమటలు పోసినా, కడుపులో తిప్పినా పని వెంటనే ఆపాలి. బట్టలు తీసేసి ఒళ్లంతా సబ్బుతో కడిగి, మందు డబ్బా వెంటబెట్టుకుని దవాఖానాకు పోవాలి. డబ్బా చూస్తే డాక్టరుకు విరుగుడు ఏదో తెలుస్తుంది. నిమ్మరసం, మజ్జిగ తాగించుకుంటూ టైం పోగొట్టుకోవద్దు.

చేను మీది, పని కూలీది అయితే ఇవన్నీ అతనికీ వర్తిస్తాయి. అతనికీ ఇల్లూ పెళ్లామూ ఉంటారు.

నాలుగో పని: ఖర్రా, బీడీ

విదర్భలో ఉన్నవాళ్లకు ఖర్రా గురించి వివరించక్కర్లేదు. చంద్రపూర్, గడ్చిరోలి పాన్ ఠేలాల దగ్గర వక్క ముక్కలు, పొగాకు, సున్నం పాలిథిన్ కాగితంలో వేసి, అరచేతుల మధ్యో చెక్క మీదో బరబరా రుద్దుతారు. ఆ చప్పుడు బస్టాండులో దిగగానే వినిపిస్తుంది. వక్క అంచులు పాలిథిన్‌ను గీరుతుంటాయి. సున్నం, వేడి, రాపిడి, ప్లాస్టిక్ అన్నీ కలిసి నోట్లోకే పోతాయి. ప్లాస్టిక్ గురించి వీడియో చూసి భయపడి సీసా మార్చినవాడు, చెంపలో ఖర్రా మాత్రం అలాగే పెట్టుకుంటాడు.

పొగాకు మొక్క నేలలోని కాడ్మియాన్ని ఆకుల్లోకి లాక్కుంటుంది. ఒంట్లోకి చేరిన కాడ్మియం కిడ్నీల్లో పది ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోతుంది. వృషణాలకు కాడ్మియం పడదని జంతువుల మీద ఎప్పుడో తేలింది. బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో కౌంట్, కదలిక తక్కువగా ఉంటాయని చాలా పరిశోధనల్లో కనిపించింది. ఒక్క రోజులో మానేయడం చేతకాకపోతే రోజుకు ఎన్ని పుడియాలో, అంటే ఎన్ని ఖర్రా పొట్లాలో, క్యాలెండరు గడిలో రాస్తూ పోండి. పది అని రాసిన మర్నాడు పన్నెండు రాయడానికి చెయ్యి రాదు. ఊరికే నమలాలనిపిస్తే సోంపు, వాము దగ్గర పెట్టుకోండి. సర్కారు దవాఖానాల్లో పొగాకు మాన్పించే సలహా ఉచితంగానే దొరుకుతుంది. 1800-11-2356 నంబరుకు ఫోన్ చేసినా మాట్లాడతారు.

సారా గురించి ఒక్క ముక్క: రోజూ తాగేవాళ్లకు హార్మోన్లు దెబ్బతింటాయి. మూడు నెలలు సీసా పక్కన పెట్టండి.

ఐదో పని: వేడి తగ్గించండి

వృషణాలు ఒంటి బయట వేలాడేది ఊరికే కాదు. ఒంటి వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాలు సరిగా తయారవుతాయి. మన దగ్గర మేలో ఎండ 46, 47 దాకా పోతుంది. దానికి తోడు బట్టీ పని, బాయిలర్ పని, పది గంటలు లారీ సీటు. ఇటుక బట్టీలో, సిమెంటు ఫ్యాక్టరీలో, హోటల్ పొయ్యి దగ్గర నిలబడేవాళ్లు గంటకోసారి ఐదు నిమిషాలు నీడకు రండి. లారీ, ఆటో నడిపేవాళ్లు రెక్సిన్ సీటు మీద నులక పట్టీ కానీ, పూసల సీటు కానీ వేసుకుంటే గాలి ఆడుతుంది.

బిగుతు డ్రాయర్లు, జీన్సు వదిలేయండి. 2018లో అమెరికాలో 656 మంది మగవాళ్లను చూస్తే, వదులు డ్రాయరు వేసుకునేవాళ్లలో కణాల సాంద్రత మిగతావాళ్ల కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. మన పెద్దవాళ్ల పంచె ఊరికే పెట్టలేదు. రాత్రి లుంగీ చాలు. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోవడం, టబ్బులో వేడినీళ్లలో కూర్చోవడం ఈ మూడు నెలలు మానేయండి.

ఆరో పని: దుమ్ము, సీసం

చంద్రపూర్‌ను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లోనే తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. 2,920 మెగావాట్ల థర్మల్ ప్లాంటు, ఘుగ్గుస్, బల్లార్‌పూర్ వైపు బొగ్గు గనులు, సిమెంటు, పేపర్ మిల్లు. ఆ గొట్టాల పొగను మీరూ నేనూ ఆపలేం. అందుకే దీన్ని ఆరో వరుసలో పెట్టాను. ఆపగలిగినవి ముందు ఆపుదాం.

ఇంట్లో పొడి చీపురుతో ఊడ్చే బదులు తడిబట్టతో తుడవండి. గనిలో, ప్లాంటు బూడిద చెరువు (యాష్ పాండ్) దగ్గర పనిచేసేవాళ్లు డ్యూటీ బట్టలు గేటు దగ్గరే మార్చుకుని ఇంటికి రావాలి. పొయ్యి అంటించడానికి పాలిథిన్ కవర్లు వాడొద్దు.

సీసం సంగతి వేరు. పాత బ్యాటరీలు విప్పేవాళ్లు, కరిగించేవాళ్లు, రేడియేటర్లకు అతుకులు వేసేవాళ్లు, పాత పెయింటు గీకేవాళ్లు రక్తంలో సీసం ఎంతుందో టెస్టు చేయించుకోవాలి. పెద్ద ల్యాబులకు రక్తం పంపి చేయిస్తారు. రక్తంలో సీసం సగానికి తగ్గడానికి నెల రోజుల పైన పడుతుంది, ఎముకల్లో చేరినది ఏళ్ల తరబడి ఉంటుంది. ఎక్కువ వస్తే పని మారడమే మొదటి మందు. విడిగా అమ్మే మెరిసే పసుపు పొడి కొనొద్దు, రంగు కోసం సీసం క్రోమేట్ కలిపిన కేసులు మన దేశంలోనూ బంగ్లాదేశ్‌లోనూ దొరికాయి. నిజామాబాద్ నుంచి పసుపు కొమ్ములు తెప్పించుకుని మర పట్టించుకుంటే సరి. మన ఇళ్లలో చాలామంది ఎలాగూ అదే చేస్తారు. రాజురా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలోదే కదా, బంధుత్వాలూ సరుకులూ ఇంకా అటునుంచే.

ఏడో పని: ప్లాస్టిక్, వీడియోలు చెప్పినంత కాదు కానీ

2024లో న్యూమెక్సికో యూనివర్సిటీ వాళ్లు 23 మంది చనిపోయిన మగవాళ్ల వృషణాలను, 47 కుక్కల వృషణాలను పరీక్షిస్తే అన్నిట్లోనూ మైక్రోప్లాస్టిక్ దొరికింది. కుక్కల కంటే మనుషుల్లో దాదాపు మూడింతలు ఉంది. పీవీసీ అనే రకం ప్లాస్టిక్ ఎక్కువున్న కుక్కలకు కౌంట్ తక్కువగా ఉంది. మనుషుల కౌంట్ కొలవడానికి ఆ శాంపిళ్లలో వీలు పడలేదు. అంటే ఒంట్లోకి చేరుతోందని ఖాయం, ఎంత నష్టం చేస్తోందన్నది ఇంకా తేలుతోంది. ప్రపంచమంతా మగవాళ్ల కౌంట్ 1973 నుంచి 2018 మధ్య సగానికి పడిందని 2022లో ఒక పెద్ద లెక్క వచ్చింది. పాత కాలపు టెస్టులతో ఇప్పటివి పోల్చవచ్చా అని వాదించేవాళ్లూ ఉన్నారు.

చేయాల్సింది తేలికే. వేడిది ఏదీ ప్లాస్టిక్‌ను తాకకూడదు. పొలానికి చాయ్ పాలిథిన్ కవర్లో కట్టించుకోకుండా స్టీలు క్యాను తీసుకెళ్లండి. పేపర్ కప్పు మంచిదనుకుంటారు, దాని లోపల పలచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అందులో వేడినీళ్లు 15 నిమిషాలు ఉంచితే 100 మిల్లీలీటర్లలో దాదాపు 25,000 సన్నటి ప్లాస్టిక్ రేణువులు కలుస్తాయని ఖరగ్‌పూర్ ఐఐటీ 2020లో లెక్క తేల్చింది. గాజు గ్లాసు అడగండి. అన్నం స్టీలు టిఫినులో, నీళ్లు కుండలో. ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బీపీఏ లాంటి రసాయనాలు ఒంట్లోంచి ఒకటి రెండు రోజుల్లోనే బయటికి పోతాయి. రోజూ మళ్లీ పోస్తుండడమే గొడవ.

ఎనిమిదో పని: డబ్బులు కాపాడుకోండి

కౌంట్ తక్కువని తెలిసిన రోజు నుంచి మీ ఫోనుకు ప్రకటనలు మొదలవుతాయి. ఒంట్లో విషం కడిగే ప్యాకేజీ, వీర్యం పెంచే పొడి, వారం కోర్సు. నా దగ్గరికి రిపోర్టుకు వచ్చినవాళ్లలో ఒకతను అలాంటి పొడికి పత్తి బోనస్ డబ్బు మొత్తం పెట్టాడు, కౌంట్ అలాగే ఉంది. జింక్, ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే బాగుపడుతుందా అని అమెరికాలో 2,370 జంటల మీద పెద్ద పరీక్ష చేశారు. 2020లో ఫలితం వచ్చింది: కౌంటూ పెరగలేదు, పిల్లలూ ఎక్కువ పుట్టలేదు. బయట కొనే కొన్ని భస్మాల్లో సీసం, పాదరసం ఉంటాయి. 2008లో ఇంటర్నెట్లో అమ్మే ఆయుర్వేద మందులను పరీక్షిస్తే ఐదింట ఒకదానిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికింది. విషం తీయడానికి కొని, విషమే మింగినట్టవుతుంది.

జిమ్ముకు వెళ్లే కుర్రాళ్లూ, టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు తీసుకోవద్దు. బయటి నుంచి హార్మోను వస్తే మెదడు "ఇక్కడ చాలు" అనుకుని వృషణాలకు పని ఆపేస్తుంది. కండలు పెరుగుతాయి, కౌంట్ సున్నా దాకా పడిపోవచ్చు. మానేశాక తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

తొమ్మిదో పని: డాక్టర్ దగ్గరికి

ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి వెళ్లండి. భార్యకు 35 దాటితే ఆరు నెలలకే. వృషణాల్లో బరువు, నొప్పి, సంచిలో పురుగుల్లాంటి ఉబ్బిన నరాలు కనిపిస్తే యూరాలజిస్టును కలవండి. ఆ నరాల ఉబ్బును వేరికోసీల్ అంటారు, చిన్న ఆపరేషన్‌తో కొందరికి బాగవుతుంది. చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినా, ఒకటి కిందికి దిగకపోయినా, షుగర్ ఉన్నా డాక్టరుకు చెప్పాలి. చంద్రపూర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ, సేవాగ్రామ్ దవాఖానా, ఆదిలాబాద్ రిమ్స్ మనకు అందుబాటులో ఉన్నవి. ప్రైవేటు ఐవీఎఫ్ సెంటరుకు పోతే ఐవీఎఫ్ లాంటి చికిత్సల కోసం తెచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో అడగండి. సర్టిఫికెట్ గోడకు ఉండాలి.

లోపలికి వెళ్లాక డాక్టరు మరాఠీలో గబగబా అడుగుతాడు, మీరు తల ఊపి బయటికి వస్తారు. అలా కాకూడదు. కుర్చీలో కూర్చోగానే మొదటి మాటగా మరాఠీలో "మీ ఫవారణీ కరతో", అంటే నేను పురుగుమందు కొడతాను, అని చెప్పండి. ఏడాదిలో ఎన్ని రోజులు, ఎన్నేళ్లుగా, ఖర్రా రోజుకెన్ని, లారీ ఎన్ని గంటలు అన్నది ఒక కాగితం మీద ముందే రాసుకుని, దానికి మొదటి రిపోర్టూ రెండో రిపోర్టూ పిన్ను చేసి పెట్టుకోండి. కొట్టిన మందుల డబ్బాలన్నిటి లేబుళ్లూ ఫోనులో ఫోటో తీసి చూపించండి. చాలామంది డాక్టర్లు తమంతట తాము ఆ ప్రశ్న అడగరు.